రెండు టర్బోలు, ఒక బోల్టు, 42 రోజులు

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానిక్‌ని కాదు. ఫిబ్రవరి 8 దాకా నా కారులో టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే చిన్న ఫ్యాన్ లాంటి భాగం, ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు. ఇప్పుడు మాత్రం దాన్ని పట్టుకునే స్టడ్లు (తల లేని బోల్టులు) ఎన్నో, వాటిలో ఏది విరుగుతుందో కూడా చెప్పగలను. బండి షెడ్డులో పడున్నన్ని రోజులూ రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని వెతికితే టర్బో పోతే కనిపించే లక్షణాల జాబితాలు బోలెడు దొరికాయి. అసలు ఎన్ని రోజులు పడుతుంది, ఏ బిల్లు దాచుకోవాలి, మెకానిక్‌ని ఏం అడగాలి అన్నది మాత్రం ఎక్కడా కనపడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

బండి చిన్న డీజిల్ కారు, తొమ్మిదేళ్ళది. 70,000 కిలోమీటర్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇప్పుడు 1,18,000 దాటింది. ఆ మధ్యలో నేను ఇంజిన్ ఆయిల్ ఎన్నిసార్లు మార్పించానో ఇప్పుడే చెప్పను, దాని సంగతి తర్వాత వస్తుంది, అప్పుడు తిట్టుకుందురుగాని.

జనవరి మూడో వారంలో మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సన్నగా ఈల వేసినట్టు వినపడేది. కిటికీ అద్దం సరిగ్గా మూసుకోలేదేమో అనుకున్నా. పక్కన కూర్చున్న మా ఆవిడ "అద్దం కాదండీ, ముందు నుంచి వస్తోంది" అని రెండుసార్లు చెప్పింది. బానెట్ ఎత్తి చూశాను, చూస్తే నాకేం తెలుస్తుంది, మళ్ళీ దించేశాను. అదే నెలలో ఇంకోటి కూడా జరిగింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కింది గీత దగ్గరుంది. కొంచెం పోసి ఊరుకున్నా. కింద నేల మీద చుక్క కారలేదు, మరి ఆ ఆయిల్ ఎటు పోయింది అని ఒక్క క్షణం ఆలోచించుంటే ఈ కథ సగంలోనే ఆగేది.

ఫిబ్రవరి 8 సాయంత్రం. హైవే మీద ఎత్తెక్కుతున్నా, నాలుగో గేరు. ఈల కాస్తా అంబులెన్సు సైరన్ లాగా మారింది, రెండు మూడు సెకన్లు పెరిగి పెరిగి టక్కున ఆగిపోయింది. అంతే, పికప్ పోయింది. తొక్కుతున్నా బండి లాగట్లేదు. ఇంజిన్ లైటు వెలిగింది. అద్దంలో చూస్తే వెనకాల రోడ్డు లేదు, నీలం కలిసిన తెల్లటి పొగ. వెనక వస్తున్న లారీ ఆయన హారన్ మీద చెయ్యి తియ్యకుండా నన్ను దాటుకుని పోయాడు.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. ఆపకుండా అలాగే ఆరు కిలోమీటర్లు నడిపాను. "ఎలాగోలా ఇంటికి చేరితే చాలు" అనిపిస్తుంది ఆ టైంలో. తర్వాత తెలిసింది నేనెంత అదృష్టవంతుణ్ణో. టర్బో సీలు పోయాక ఆయిల్ గాలి పైపుల్లోకి వెళ్ళిపోతుంది. డీజిల్ ఇంజిన్‌కి ఆ ఆయిలే ఇంధనం అయిపోతే ఇక అది తన ఆయిల్ తనే తాగుతూ దానంతటది రేజ్ అయిపోతుంది, తాళం తీసేసినా ఆగదు. అప్పుడు చెయ్యగలిగింది ఒక్కటే, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి పెద్ద గేరులో వేసి క్లచ్ వదిలేసి ఇంజిన్‌ని ఆఫ్ అయ్యేలా చెయ్యడం. ఆటోమేటిక్ గేరు బండికి అదీ కుదరదు, గాలి వెళ్ళే దారి మూసెయ్యాలి. నాకు అంతదాకా రాలేదు. కానీ అలా పొగ కనపడితే ఆరు కిలోమీటర్లు కాదు, ఆరు వందల మీటర్లు కూడా వెళ్ళకండి. పక్కకి తీసి ఆపేసి టోయింగ్ బండిని పిలవండి. టోయింగ్ ఖర్చు మొత్తం ఖర్చులో లెక్కలోకే రాదు.

ఫిబ్రవరి 10న నాకు తెలిసిన గ్యారేజ్‌కి టోయింగ్‌లో పంపాను. అక్కడి అన్న స్కానర్ పెట్టి చూశాడు, పీ-0299 అని వచ్చింది. అంటే ఇంజిన్‌కి కావలసినంత గాలి ఒత్తిడి రావట్లేదని అర్థం. అయితే ఆ కోడ్ వస్తే టర్బోనే పోయినట్టు కాదు, ఏదైనా గాలి పైపు ఊడినా, చిరిగినా అదే కోడ్ వస్తుంది, అన్న నిజాయితీగా ముందు పైపులే చూశాడు. అవి బాగానే ఉన్నాయి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ వైపు పైపు ఊడదీసి, "ఇక్కడ వేలు పెట్టి చూడన్నా" అన్నాడు. లోపల చిన్న ఫ్యాన్ లాంటిది. పట్టుకుని ఊపితే అటూ ఇటూ డొల్లుతోంది, రెక్కల చివర్లు గోడకి రాసుకుని అరిగి మెరుస్తున్నాయి. కొద్దిగా పక్కకి ఊగడం మామూలేనట, ఎందుకంటే ఆ ఇరుసు ఆయిల్ పొర మీదే తేలుతూ తిరుగుతుంది, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ పొర ఉండదు కాబట్టి కాస్త ఆట ఉంటుంది. కానీ ముందుకీ వెనక్కీ కదలకూడదు, రెక్క గోడకి తగలకూడదు. నాది రెండూ చేస్తోంది.

ఆ రోజు అన్న చెప్పిన ఒక్క లెక్క నా బుర్రలో ఉండిపోయింది. చిన్న కారు టర్బో గట్టిగా తొక్కినప్పుడు నిమిషానికి లక్షన్నర నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతుందట. ఇంజిన్ నాలుగు వేలు తిరిగితేనే మనం చెవులు మూసుకుంటాం. ఆ వేగంలో ఇరుసుకి కొన్ని సెకన్లు ఆయిల్ అందకపోయినా అంతే సంగతులు.

నా ముందు మూడు దారులు పెట్టాడు. కొత్త టర్బో. లేకపోతే రీకండిషన్డ్, అంటే పాతదాన్ని విప్పి లోపలి భాగాలు మార్చి బిగించినది, కొత్తదాని ధరలో మూడింట రెండొంతుల లోపే. ఇంకా చవగ్గా కావాలంటే మన టర్బోకే మధ్య భాగం ఒక్కటి మార్చడం. మూడోది వద్దని ఆయనే చెప్పాడు. మధ్య భాగం మారిస్తే దాన్ని మిషన్ మీద బ్యాలెన్స్ చూడాలి, రెక్కల కోణం మార్చే మెకానిజాన్ని గాలి కొలిచే బెంచి మీద సెట్ చెయ్యాలి, చేతి అంచనాతో బిగిస్తే నిలవదు. నేను రీకండిషన్డ్‌కి సరే అన్నాను. నిజం చెప్పాలంటే నేను అప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎంతవుతుంది?" అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "అసలు ఇది ఎందుకు పోయింది?" ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

పార్టు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. రెండు రోజులన్నారు, నాలుగన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గింది. ఇంకో సంగతి, డబ్బు కట్టేటప్పుడు ధరతో పాటు డిపాజిట్ కూడా అడిగారు. మన పాత టర్బో వెనక్కి పంపితే తిరిగిస్తారు. ఇది నాకు కొత్త. మీ పాత టర్బోని గ్యారేజ్ తుక్కులో పడెయ్యకుండా, ఏ డబ్బాలో కొత్తది వచ్చిందో అదే డబ్బాలో పెట్టి పంపమని చెప్పండి, నాది దాదాపు తుక్కులోకి పోబోయింది.

ఫిబ్రవరి 19న బిగించారు, 20న బండి తీసుకున్నా. పొగ లేదు, ఈల లేదు, బండి కొత్త పెళ్ళికొడుకులా పరిగెత్తింది. ఆ రోజు నేను పడిన సంతోషం చూసి మా ఆవిడ "లాటరీ తగిలిందా" అంది. పదకొండు రోజులు. నాలుగు వందల పది కిలోమీటర్లు.

మార్చి 3 పొద్దున ఆఫీసుకి వెళ్తుంటే మళ్ళీ ఈల. ఈసారి నాకు తెలుసు అదేంటో. కడుపులో ఏదో జారిపోయినట్టయింది. వెంటనే ఆపేశాను, ఆపుతుండగానే లోపల్నుంచి గాజు పెంకులు గిన్నెలో వేసి ఊపినట్టు శబ్దం వచ్చి ఆగిపోయింది. రోడ్డు పక్కన డివైడర్ గట్టు మీద కూర్చుని ఒక పావుగంట ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఏడుపు రాలేదు కానీ వచ్చినంత పనైంది. డబ్బు పోయిందని కాదు, అదీ ఉందనుకోండి, ఏదో నా చేతకానితనం అందరి ముందూ బయటపడినట్టు అనిపించింది.

తర్వాత మూడు రోజులు గొడవలతోనే సరిపోయింది. టర్బోకి ఆరు నెలల వారంటీ ఉంది కదా అన్నది నా ధైర్యం. గ్యారేజ్ వాళ్ళు విప్పి, అమ్మినవాళ్ళకి చూపించారు. సమాధానం ఒక్క ముక్కలో వచ్చింది: ఆయిల్ అందక పోయింది, మా తప్పు కాదు. ఇరుసు ఫొటో పంపారు. ఉక్కు రంగులో ఉండాల్సిన ఇరుసు బేరింగు కూర్చునే చోట నీలంగా, అక్కడక్కడ వంకాయ రంగులో ఉంది. ఆయిల్ లేకుండా రాసుకుని వేడెక్కితే ఉక్కు అలా రంగు మారుతుందట. దాంతో వాదించలేం.

అప్పుడు వారంటీ కార్డు వెనక్కి తిప్పి చదివాను. మొదటిసారి చదివాను అనాలి. చీమల బారు లాంటి అక్షరాల్లో షరతులు: టర్బోతో పాటు ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చినట్టు బిల్లు ఉండాలి, టర్బోకి ఆయిల్ తెచ్చే పైపు కొత్తది వేసినట్టు బిల్లు ఉండాలి, ఇంటర్‌కూలర్, అంటే టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే భాగం, శుభ్రం చేసినట్టు రాసి ఉండాలి. నా బిల్లులో ఉన్నవి రెండే లైన్లు, టర్బో, లేబర్. పైపు గురించి అడిగితే గ్యారేజ్ అన్న "పెట్రోలుతో కడిగి వేశామన్నా, శుభ్రంగానే ఉంది" అన్నాడు. ఆయిల్ "తక్కువైనంత పోశాం" అన్నాడు. నాకు కోపం వచ్చింది, అరిచాను కూడా. కానీ ఆయన అబద్ధం చెప్పలేదు, చవగ్గా చెయ్యమని బేరమాడింది నేనే. చివరికి లేబర్ డబ్బులో సగం వెనక్కిచ్చాడు, నేను బండి తీసుకెళ్ళిపోతానన్నాను. అక్కడితో తెగింది.

మార్చి 7న, మా బావ చెప్పిన ఇంకో షెడ్డుకి మార్చాను. అక్కడ ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్ళు. కథంతా చెప్పాను. ఆయన టర్బో వైపు చూడనే లేదు. నేరుగా ఆయిల్ పోసే మూత తిప్పి, మూత అడుగున వేలు రాసి, ఆ వేలు నా ముందు పెట్టాడు. నల్లగా, కాటుక, తారు కలిపి ముద్ద చేసినట్టుంది.

"ఆయిల్ ఎన్నాళ్ళకోసారి మారుస్తావు బాబూ?"

ఇప్పుడు చెప్తున్నా. కొన్నాక 48,000 కిలోమీటర్లలో రెండే రెండుసార్లు. నా బండి మాన్యువల్లో 15,000కి లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అది అని రాసుంది. డిప్‌స్టిక్ చూసి తగ్గితే పోస్తున్నాను కదా, పోసిన ప్రతిసారీ కొత్త ఆయిలే కదా అనే లెక్క నాది. పెద్దాయన నవ్వలేదు, తిట్టలేదు. "మురిక్కుండలో మంచినీళ్ళు పోసినట్టు" అని మాత్రం అన్నాడు.

మర్నాడు నన్ను రమ్మన్నాడు. మీకు వీలైతే మీరూ ఆ రోజు దగ్గరుండండి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో పనికొచ్చిన రోజు అదొక్కటే. ఇంజిన్ బ్లాక్ దగ్గర ఆయిల్ పైపుని పట్టి ఉంచే బోల్టు విప్పాడు. మామూలు బోల్టు కాదు, మధ్యలో బోలుగా ఉంటుంది, పక్కన రంధ్రాలుంటాయి, ఆయిల్ దాని లోపల్నుంచే పైపులోకి వెళ్తుంది. నా ఇంజిన్‌లో ఆ బోల్టు లోపల చిటికెన వేలి గోరంత సన్నటి జల్లెడ కూడా ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి ట్యూబ్ లైటు వైపు పెట్టి "చూడు" అన్నాడు. ఒక కన్ను మూసి చూశాను. ఏమీ కనపడలేదు. లైటు కనపడాల్సిన చోట నలుపు. ఒక మూల సూది మొనంత వెలుగు, అంతే. రెండు టర్బోలు ఆ సూది మొనంత దారిలో వచ్చే ఆయిల్‌తో బతకాలని చూశాయి.

మొదటి గ్యారేజ్‌లో పైపు కడిగారు, ఈ బోల్టు లోపలికి చూడలేదు. పైగా పాత పైపులో గోడలకి అంటుకున్న బొగ్గు పొర పెట్రోలుతో పోదట, కొంచెం మెత్తబడి తర్వాత పెచ్చులుగా ఊడి కొత్త బేరింగుల్లోకే వెళ్తుంది. అందుకే కడగడం కాదు, మార్చడమే.

మార్చి 10న ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దించారు. నేను ఆఫీసులో ఉంటే కుర్రాడు వీడియో పంపాడు. చాంబర్ అడుగున రెండు వేళ్ళ మందాన నల్లటి జెల్లీ. ఆయిల్ పీల్చే పైపు మూతి దగ్గర జల్లెడ సగం మూసుకుపోయింది. అంటే ఇక కొన్నాళ్ళు పోతే టర్బో ఒక్కటే కాదు, ఇంజిన్ మొత్తానికే ఆయిల్ అందేది కాదు. అది చూసి నాకు ముందు భయం వేసి, తర్వాత వింతగా కొంచెం ఊరట అనిపించింది. టర్బో ముందు పోయి నాకు చెప్పింది అన్నమాట.

ఇంకోటి కూడా దొరికింది. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో ఒకదాని చుట్టూ తారు పోసినట్టు గడ్డకట్టి ఉంది. దాని కింద ఉండే రాగి వాషర్ లీకయి, మండిన గ్యాసు పైకి తన్నుకొచ్చి ఆయిల్‌లో మసి కలుస్తోంది. నా అశ్రద్ధకి అది తోడైంది. నాలుగు వాషర్లూ మార్చాడు, అవి ధరలో ఏమీ కావు. ఇంజిన్ ఊపిరి పైపు, అదే బ్రీదర్, అది మూసుకుపోయిందేమో కూడా చూశాడు. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి టర్బోలోంచి ఆయిల్ కిందికి దిగదు, సీళ్ళ మీదకి తన్నుతుంది, కొత్త టర్బో కూడా మొదటి రోజు నుంచే పొగ కొడుతుంది. నాది బాగానే ఉంది.

ఈసారి కొత్త టర్బోకే ఆర్డర్ ఇచ్చాను. రెండోసారి రీకండిషన్డ్ పెట్టించే ధైర్యం లేదు. తప్పు దానిది కాదని తెలిసినా సరే. మార్చి 11న డబ్బు కడితే 20న వచ్చింది, తొమ్మిది రోజులు. పాత టర్బో డిపాజిట్‌లో కోత పడింది, ఎందుకంటే రెండోసారి రెక్కలు విరిగి లోపలి గోడని చెక్కేశాయి, ఆ గుల్ల మళ్ళీ పనికి రాదు.

ఆ తొమ్మిది రోజుల్లో రెండు పనులు జరిగాయి. ఒకటి, ఇంటర్‌కూలర్ దించి తలకిందులు చేస్తే పావు లీటరుకి పైగా ఆయిల్ కారింది, దానితో పాటు మెరిసే రజను. రెక్కల ముక్కలు. వాటిని అలాగే వదిలేసి కొత్త టర్బో పెట్టి ఉంటే ఆ ఆయిల్, ఆ ముక్కలు అన్నీ నేరుగా ఇంజిన్‌లోకి పోయేవి. మూడుసార్లు కడిగి, ఒక రాత్రంతా నిలబెట్టి ఆరబెట్టారు. రెండోది, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్ పొగ బయటికొచ్చే మొదటి గొట్టం, దాని స్టడ్లలో ఒకటి మొదలంటా విరిగింది. తుప్పు, వేడి, తొమ్మిదేళ్ళు. ముందు రోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి నానబెట్టారు, అయినా విరిగింది. దాన్ని డ్రిల్లు చేసి తియ్యడానికి ఒక పూట పట్టింది. మీ బండి పాతదైతే స్టడ్లకి కూడా ముందే చెప్పి తెప్పించుకోండి, చివరి నిమిషంలో ఒక్క స్టడ్ కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది.

మార్చి 21. బిగించే రోజు. సెలవు పెట్టి వెళ్ళాను. డబ్బా విప్పితే కొత్త టర్బో ఎంత చిన్నగా ఉందో, రెండు చేతుల్లో పట్టింది. దాని రంధ్రాలన్నిటికీ ప్లాస్టిక్ మూతలున్నాయి. పెద్దాయన ఒక్కొక్కటి తీసి నా చేతిలో పెట్టి "లెక్కపెట్టి ఉంచు, ఒక్కటి తగ్గినా బండి స్టార్ట్ చెయ్యను" అన్నాడు. మర్చిపోయి లోపల ఉండిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఐదు. నా గుప్పిట్లో పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను, చెమట పట్టినా వదల్లేదు.

ఆయిల్ పైపు దగ్గర గ్యాస్కెట్‌కి, అంటే లీకవ్వకుండా మధ్యలో పెట్టే పల్చటి రేకుకి, పేస్టు రాయబోయిన కుర్రాడి చెయ్యి పట్టుకుని ఆపాడు పెద్దాయన. పేస్టు ఎక్కువై లోపలికి పిండుకుంటే ముక్క ఊడి ఆ సన్న దారిలోనే అడ్డం పడుతుంది, మళ్ళీ మొదటికే. అక్కడ కొత్త గ్యాస్కెట్, కొత్త రాగి వాషర్లు, అంతే. కొత్త బోల్టులో జల్లెడే లేదు. "తర్వాత వచ్చిన వాటిల్లో తీసేశారు బాబూ" అన్నాడు. నేను అదే మూడుసార్లు తిప్పి తిప్పి చూశాను.

టర్బో బిగించే ముందు ఇంకో పరీక్ష చేశాడు. కొత్త పైపు రెండో చివర ఒక సీసాలో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ అవ్వకుండా ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకేసి సెల్ఫ్ కొట్టమన్నాడు. పది సెకన్లు కొట్టు, ఆపు, మళ్ళీ కొట్టు. మూడోసారికి సీసాలో ఆయిల్ ధారగా పడింది. సన్నటి ధారే, కానీ తెగకుండా. పెద్దాయన నా వైపు తిరిగి "ఇది నీ పాత బండికి లేనిది" అన్నాడు. తర్వాత టర్బో ఆయిల్ రంధ్రంలో సిరంజితో కొత్త ఆయిల్ పోస్తూ ఫ్యాన్‌ని వేలితో తిప్పాడు, ఇరుసంతా తడిసేదాకా. అన్నీ బిగించాక మళ్ళీ సెల్ఫ్ మాత్రమే, డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు ఆరేదాకా. అప్పుడు కనెక్టర్లు పెట్టాడు.

స్టార్ట్ చేశాడు. యాక్సిలరేటర్ మీద ఎవరూ కాలు పెట్టొద్దన్నాడు. ఐదు నిమిషాలు ఊరికే అలా నడవనిచ్చాడు. రెండో నిమిషంలో వెనక నుంచి పొగ. బాగా పొగ. నా గుండె ఆగినంత పనైంది, "బాబాయ్!" అని అరిచాను. ఆయన లేవనైనా లేవలేదు. సైలెన్సర్లో, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో పాత టర్బో కక్కిన ఆయిల్ ఉంది కదా, అది కాలిపోవాలి, అరగంట పడుతుంది అన్నాడు. ఇది ఎవరైనా నాకు ముందే చెప్పుంటే బాగుండేది, అందుకే మీకు చెప్తున్నా. నిజంగానే ఇరవై నిమిషాలకి పలచబడి, హైవే మీద పది కిలోమీటర్లు తిరిగేసరికి పూర్తిగా పోయింది. ఒకవేళ తగ్గకుండా పెరుగుతూ ఉంటే మాత్రం ఆపెయ్యాలట.

మార్చి 22న స్కానర్ పెట్టుకునే టెస్ట్ డ్రైవ్. ఒక గీత ఇంజిన్ అడిగే గాలి ఒత్తిడి, ఇంకోటి నిజంగా వచ్చేది. రెండూ ఒకదాని వెనక ఒకటి అన్నదమ్ముల్లా ఎక్కి దిగుతుంటే చూడ్డానికి ఎంత బాగుందో. బండి చేతికొచ్చింది. ఫిబ్రవరి 8 నుంచి లెక్కేస్తే 42 రోజులు, అందులో బండి నడిచింది పదకొండు రోజులు.

ఖర్చు విషయం. మొత్తం ఖర్చుని వంద పాళ్ళు అనుకుంటే కొత్త టర్బోకి 38, వృథాగా పోయిన రీకండిషన్డ్‌కి 24, రెండో షెడ్డు లేబర్ 17, మొదటి గ్యారేజ్‌లో వెనక్కిచ్చింది పోను 9, రెండు టోయింగులకి 4. మిగిలిన 8లో ఆయిల్ పైపు, బోల్టు, గ్యాస్కెట్లు, వాషర్లు, స్టడ్లు, ఆయిల్, ఫిల్టర్ అన్నీ వచ్చేశాయి. ఆ పైపు, బోల్టు రెండూ కలిపి రెండు పాళ్ళు కూడా లేవు. మొదటిసారే అవి మార్పించి, చాంబర్ దింపించి ఉంటే ఈ వందలో మూడో వంతు నా దగ్గరే ఉండేది. మొత్తం కలిపితే బండి అమ్మితే వచ్చేదాంట్లో దాదాపు మూడో వంతు. అమ్మేద్దామా అని ఒక రాత్రి అనుకున్నాం కూడా, కానీ టర్బో లేని బండిని కొనేవాడు ఇచ్చే ధర విన్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

చాలామంది అడిగారు, ఇంజిన్ ఫ్లష్ చేసే మందు ఉంటుంది కదా, అది పోస్తే పోయేది కదా అని. పెద్దాయన ఒప్పుకోలేదు. ఇంత మురికి ఉన్న ఇంజిన్‌లో అది పోస్తే గడ్డలు ఒక్కసారిగా ఊడి ఎక్కడో అక్కడ ఇరుక్కుంటాయన్నాడు. దాని బదులు ఆయిల్, ఫిల్టర్ 500 కిలోమీటర్లకి ఒకసారి, తర్వాత 1,500కి ఒకసారి మార్చమన్నాడు. మొదటిది అయింది. 500కే తీసిన ఆయిల్ నల్లగా ఉంది, నాకు టెన్షన్ వచ్చింది, డీజిల్ ఇంజిన్లో ఆయిల్ నల్లబడటం మామూలే, ముద్దలు లేవు కదా చూడు అన్నాడు. నిజమే, వేళ్ళ మధ్య రాస్తే జారిపోతోంది, గరుకు లేదు.

బిల్లులు ఈసారి ఒక్కొక్క వస్తువు పేరుతో రాయించుకున్నాను, వాషర్లతో సహా. టర్బో నంబరు ఉన్న రేకు ఫొటో, బిగించిన రోజు మీటర్ రీడింగు ఫొటో కూడా తీసి పెట్టుకున్నా. హైవే మీద నుంచి వచ్చాక బండిని వెంటనే ఆపకుండా ఒక నిమిషం అలా నడవనిస్తున్నా, వేడి మీద ఆపేస్తే టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుందని తెలిశాక. ఆ నిమిషం మా ఆవిడకి నచ్చడం లేదు, దిగి తలుపు తాళం తీసి లైట్లు వేసే దాకా నేనింకా బండిలోనే ఉంటున్నానని.

పాత బోల్టు నా టేబుల్ మీద ఉంది. ఇంకా పాటలు పెట్టుకుని నడపడం లేదు. అద్దాలు దించి, చెవి ముందుకి పెట్టి నడుపుతున్నా.